సుందరం కరివర్ధన్

సుందరం కరివర్ధన్ (1954 - 1995) తమిళనాడులోని కోయంబత్తూరుకు చెందిన పారిశ్రామికవేత్త, కార్ల రేసింగ్ డ్రైవరు, రేసింగ్ కార్ల రూపశిల్పి. మారుతి 800 కారు ఇంజనుతో తక్కువ ఖర్చులో తయారయ్యే ఒంటి సీటు రేసింగ్ కారును రూపొందించి, భారతదేశంలో యువకులు రేసింగ్ విద్యను దేశంలోనే మొదలుపెట్టే మార్గం ఏర్పరచాడు. ఎస్.కరివర్ధన్ అనే పేరుతో ప్రసిద్ధుడైన ఇతనిని రేసింగ్ అభిమానులు క్లుప్తంగా కరి అని పిలిచేవారు. కోయంబత్తూరు సమీపంలోని కరి మోటార్ స్పీడ్‌వేకు ఆ పేరు ఇతని స్మారకంగానే వచ్చింది.

కుటుంబ నేపథ్యం

కరివర్ధన్ కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కమ్మ నాయుడు కుటుంబంలో జన్మించాడు. విజయనగర సామ్రాజ్య కాలంలోను, ఆ తరువాతను దక్షిణాదికి వలస వెళ్ళిన తెలుగువారి సంతతి కొంగునాడు ప్రాంతంలో అధిక సంఖ్యలో ఉన్నది. మొదట వ్యవసాయం మీద ఆధారపడిన ఈ కుటుంబాలలో కొన్ని 20వ శతాబ్దంలో ప్రత్తి మిల్లులు, యంత్ర పరిశ్రమల వైపు మళ్ళాయి. జి.కుప్పుస్వామి నాయుడు 1910లో స్థాపించిన లక్ష్మీ మిల్స్ వాటిలో ముఖ్యమైనది. కరివర్ధన్ ఈ లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందినవాడు. ఇదే కుటుంబానికి చెందిన జి.కె.దేవరాజులు 1962లో నూలు వడికే యంత్రాల తయారీకై లక్ష్మీ మెషీన్ వర్క్స్ సంస్థను స్థాపించాడు.

కోయంబత్తూరు, మోటారు విద్య

కరివర్ధన్ పెరిగిన కోయంబత్తూరులో పోత కర్మాగారాలు, లేత్ యంత్రాల షెడ్లు, పంపుసెట్ల కార్ఖానాలు అడుగడుగునా ఉండేవి. మోటారు వాహనాలపై మక్కువ ఆ ఊరికి కొత్త కాదు. మరొక తెలుగు కుటుంబానికి చెందిన జి.డి.నాయుడు 1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి - పళని మధ్య స్వయంగా నడిపాడు. అతడే తరువాత పెద్ద రవాణా సంస్థకు అధిపతి అయ్యాడు. ఏ యంత్ర భాగమైనా నమూనా చూపితే చేసి ఇవ్వగల పనివారు దొరికే ఇటువంటి ఊరిలో ఉండటం కరివర్ధన్‌కు కలిసివచ్చింది. అతడు కార్లను వేగంగా నడపటంతో తృప్తి చెందలేదు. ఇంజను శక్తిని పెంచటం, చట్రాన్ని మార్చటం, చివరకు కారును మొదటి నుండి తానే నిర్మించటం వరకు అతని ఆసక్తి విస్తరించింది.

షోళవరం పందేలు

ఆ కాలంలో దక్షిణ భారతదేశంలో కార్ల పందేలకు ముఖ్యమైన వేదిక షోళవరం. మద్రాసు నుండి నెల్లూరు వెళ్ళే దారిలో ఉన్న ఈ స్థలం రెండవ ప్రపంచయుద్ధ కాలపు విమానాల రన్‌వే. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఇక్కడ పందేలు నిర్వహించేది. పందేనికి వచ్చేవారిలో చాలామంది వాడినవి అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్ వంటి మామూలు కార్లే. వాటి సీట్లు తీసివేసి, బరువు తగ్గించి, ఇంజనుకు మెరుగులు దిద్ది పరుగెత్తించేవారు. విదేశీ రేసింగ్ కారు తెప్పించుకోవాలంటే దిగుమతి ఆంక్షలు, భారీ సుంకాలు అడ్డు వచ్చేవి. అటువంటి కార్లు కొద్దిమంది సంపన్నులకు, పెద్ద కంపెనీల జట్లకు మాత్రమే అందేవి. కరివర్ధన్ ఈ రంగంలో అగ్రశ్రేణి డ్రైవరుగా పేరు పొందాడు.

1990లో శ్రీపెరంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల పొడవైన ట్రాక్ ప్రారంభమైంది. దానితో మద్రాసు పందేలకు శాశ్వతమైన వేదిక దొరికింది.

రేసింగ్ పాఠశాలలు, చౌక కార్లు

కార్ల పందెం నేర్పటానికి ప్రత్యేక పాఠశాలలు ఇంగ్లండులో 1950వ దశకంలోనే వచ్చాయి. జిమ్ రస్సెల్ స్నెటర్టన్ ట్రాక్‌పై నెలకొల్పిన పాఠశాల వీటిలో ప్రసిద్ధమైనది. అమెరికాలో కరోల్ షెల్బీ 1961లో కాలిఫోర్నియాలోను, బాబ్ బాండురాంట్ 1968లోను శక్తివంతమైన స్పోర్ట్స్ కార్లను నడపటం నేర్పే పాఠశాలలు ప్రారంభించారు. ఈ పాఠశాలలకు ఒక చిక్కు ఉండేది. నేర్చుకునేవాడు పొరపాట్లు చేస్తాడు. ఖరీదైన రేసింగ్ ఇంజను ఆ పొరపాట్లకు తట్టుకోలేదు. అందువలన ఇంగ్లండులోని ఒక పాఠశాల తన కార్లకు ఫోర్డ్ కంపెనీ మామూలు ఇంజన్లు అమర్చుకున్నది. ఆ ఆలోచన నుండే 1967లో ఫార్ములా ఫోర్డ్ పందేలు పుట్టాయి. తరువాతి కాలపు ఎందరో ప్రపంచ ఛాంపియన్లు ఆ తరగతిలోనే ఓనమాలు దిద్దుకున్నారు.

భారతదేశంలో లోపించినది సరిగ్గా ఈ మెట్టే. పందెం నేర్చుకోదలచిన యువకునికి తగిన పాఠశాల లేదు, చౌకగా దొరికే ఒంటి సీటు కారు లేదు. విదేశీ పాఠశాలకు వెళ్ళాలంటే డబ్బు ఒక్కటే చాలదు. అక్కడి కారులో మొదటిసారి కూర్చున్నప్పుడు తడబడకుండా ఉండగల అనుభవం కూడా కావాలి.

ఫిస్మే కారు

1983 డిసెంబరులో మారుతి 800 కారు విడుదలైంది. దానిలోని 796 సి.సి., మూడు సిలిండర్ల ఇంజను తేలికైనది. దాని విడిభాగాలు కొద్ది సంవత్సరాలలోనే దేశమంతటా దొరకసాగాయి. కరివర్ధన్ ఈ ఇంజనును ఎన్నుకొని, 1980వ దశకం చివరలో ఒక ఒంటి సీటు రేసింగ్ కారును రూపొందించాడు. దీనికి ఫార్ములా ఇండియా సింగిల్ సీటర్ మారుతి ఇంజన్ అని పేరు. ఆంగ్ల పొడి అక్షరాలను కలిపి దీనిని ఫిస్మే అన్నారు. ఫార్ములా మారుతి అనే పేరు మరింత ప్రచారం పొందింది.

మారుతి 800లో ఇంజను ముందు ఉండి ముందు చక్రాలను త్రిప్పుతుంది. ఫార్ములా మారుతిలో అదే ఇంజనును డ్రైవరు వీపు వెనుక అమర్చి, వెనుక చక్రాలను త్రిప్పేటట్లు చేశారు. డ్రైవరు కాళ్ళు చాపుకొని, నేలకు జానెడు ఎత్తులో, దాదాపు వెల్లకిలా కూర్చోవాలి. చక్రాలపై కప్పు ఉండదు. ఇంజను శక్తి స్వల్పమే అయినా కారు బరువు తక్కువ కావటం వలన చురుకుగా కదులుతుంది.

అందరి కార్లు ఒకే రకానివి కావటం ఈ తరగతిలో ప్రధాన విశేషం. ఎక్కువ డబ్బు ఉన్నవాడు ఎక్కువ శక్తి గల ఇంజను తెచ్చి గెలవటానికి ఇక్కడ అవకాశం తక్కువ. గెలుపు ఎక్కువగా డ్రైవరు నేర్పుపై ఆధారపడుతుంది. ఇంజను చెడిపోతే బాగుచేయటానికి విదేశాలకు పంపనక్కరలేదు.

కారు నేర్పే పాఠాలు

రేసింగ్ పాఠశాలకు వెళ్ళదలచినవారు ముందుగా అలవరచుకోవలసిన విద్యలకు ఇటువంటి కారు చక్కని సాధనం. వాటిలో ముఖ్యమైనవి:

* కూర్చునే తీరు: కారు చేసే ప్రతి కదలికను శరీరం గ్రహించేలా బెల్టులను బిగించుకోవాలి. స్టీరింగును ఆసరాగా పట్టుకొని వేలాడరాదు.
* చూపు: కారు ముందున్న నేలను కాక, రాబోయే మలుపును చూడాలి. చూపు ఎటు పోతే చేతులు అటే పోతాయి.
* పందెపు గీత: మలుపు బయటి అంచు నుండి మొదలుపెట్టి, లోపలి అంచును తాకుతూ, తిరిగి బయటి అంచుకు చేరే దారిలో మలుపు వంపు తగ్గి వేగం నిలుస్తుంది.
* బ్రేకు: కారు తిన్నగా ఉన్నప్పుడే చాలావరకు వేగం తగ్గించాలి. మలుపు మధ్యలో హఠాత్తుగా బ్రేకు వేస్తే వెనుక భాగం జారి కారు గిరగిర తిరుగుతుంది.
* మడమ, మునివేళ్ళ పద్ధతి: కుడి పాదం ముందుభాగంతో బ్రేకు నొక్కుతూనే, అదే పాదం ప్రక్కభాగంతో యాక్సిలరేటరును తట్టి గేరు తగ్గించాలి. దీని వలన వెనుక చక్రాలు కుదుపు లేకుండా పట్టు నిలుపుకుంటాయి.

శక్తి తక్కువైన కారులో ఈ పాఠాలు మరింత బాగా వంటబడతాయి. ఒక మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని తిరిగి తెచ్చుకోవటానికి ఇంజనులో అదనపు బలం ఉండదు కనుక, ప్రతి పొరపాటు గడియారంలో వెంటనే కనబడుతుంది. వీటికి తోడు వైద్య పరీక్ష, జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఇచ్చే పోటీ లైసెన్సు, హెల్మెట్, నిప్పుకు తట్టుకునే దుస్తులు తప్పనిసరి.

తరువాతి తరం

కరివర్ధన్ బంధువైన నరేన్ కార్తికేయన్ (జననం 1977) శ్రీపెరంబుదూరులో ఫార్ములా మారుతి కారుతోనే తొలి పందెంలో పాల్గొని, మొదటి ముగ్గురిలో ఒకనిగా నిలిచాడు. 1992లో ఫ్రాన్సులోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ రేసింగ్ పాఠశాలకు వెళ్ళి, అక్కడి పైలట్ ఎల్ఫ్ పోటీలో సెమీఫైనల్ చేరుకున్నాడు. నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన అలెన్ ప్రోస్ట్ 1975లో గెలిచి వెలుగులోకి వచ్చిన పోటీ ఇదే. ఫ్రాన్సు నుండి తిరిగి వచ్చిన నరేన్ 1993లో మరల ఫార్ములా మారుతి పందేలలో పాల్గొన్నాడు. 1994లో బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతాకాలపు సిరీస్ గెలుచుకొని, ఐరోపాలో ఛాంపియన్‌షిప్ సాధించిన తొలి భారతీయుడయ్యాడు. 2005 మార్చి 6న మెల్బోర్న్‌లో జోర్డాన్ జట్టు తరఫున బరిలో దిగి, ఫార్ములా వన్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడిగా చరిత్రకెక్కాడు. 2010లో ఫార్ములా వన్‌కు చేరిన రెండవ భారతీయుడు కరుణ్ చందోక్ కూడా ఫార్ములా మారుతి పందేలతోనే ప్రారంభించాడు.

మరణం

కరివర్ధన్‌కు కార్లతో పాటు విమానాలు నడపటం కూడా ఇష్టమైన వ్యాపకం. 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు సుమారు 41 సంవత్సరాలు. తాను రూపొందించిన కారులో తొలి అడుగులు వేసిన యువకుడు ఫార్ములా వన్ వరకు వెళ్ళటాన్ని చూసే అవకాశం అతనికి దక్కలేదు.

కరి మోటార్ స్పీడ్‌వే

మాజీ రేసింగ్ ఛాంపియన్, పారిశ్రామికవేత్త బి.విజయ్‌కుమార్ కోయంబత్తూరు శివార్లలోని చెట్టిపాళయంలో నిర్మించిన ట్రాక్ 2003లో ప్రారంభమైంది. దీని పొడవు సుమారు 2.1 కిలోమీటర్లు. ఈ ట్రాక్‌కు కరివర్ధన్ పేరు పెట్టారు. జాతీయ స్థాయి పందేలకు ఇది ప్రధాన వేదికలలో ఒకటిగా పేరు పొందింది.

ప్రాముఖ్యత

2011లో గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ పందెం, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ తీరాన విద్యుత్ కార్ల ఫార్ములా ఇ పందెం జరిగాయి. ఇటువంటి పెద్ద పందేలకు కోట్ల రూపాయల వ్యయం అవసరం. అందుకు భిన్నంగా కరివర్ధన్ కృషి మొదటి మెట్టు మీదనే సాగింది. వీధిలో తిరిగే మారుతి కారు ఇంజనుతో అతడు తయారుచేసిన చిన్న కారు, పాఠశాలలు లేని కాలంలో ఒక తరానికి పాఠశాలగా పనిచేసింది.