జోసెఫ్ విట్‌వర్తు

యంత్రనిర్మాతలలో అగ్రగణ్యుడగు జోసెఫ్ విట్‌వర్తు 1803వ సంవత్సరమున ఇంగ్లండునందలి స్టాక్‌పోర్టు పట్టణమున జన్మించెను. లండనులో హెన్రీ మాడ్‌స్లే కర్మాగారమున పని నేర్చి, 1833లో మాంచెస్టరున స్వంత కర్మశాలను నెలకొల్పెను. అంగుళమున పదిలక్షలవ వంతు భేదమునైనను కనిపెట్టు కొలయంత్రమును నిర్మించి కీర్తి గడించెను.

ఆ దినములలో ఎన్‌ఫీల్డు తుపాకులు కొన్ని గురి తప్పక కొట్టుచుండగా, కొన్ని ఏ కారణమును తెలియకయే గురి తప్పుచుండెను. వానిని చేయుటకు యంత్రములు నిర్మింపుమని 1854లో ప్రభుత్వము విట్‌వర్తును కోరెను. లోపమునకు కారణ మెరుగక యంత్రములు చేయుట వ్యర్థమని ఆయన తలచెను. తన యింటి ఆవరణమున 500 గజముల పొడవుగల శాల కట్టించి, గుండు పోవు త్రోవలో పలుచని కాగితపు తెరలు వ్రేలాడదీసి, దాని గమనమును పరిశీలించెను. గొట్టపు రంధ్రము సన్ననిదై, లోపలి మెలిక బిగువుగ నుండవలెనని తేల్చి, ఆరు పలకల గొట్టమును రూపొందించెను.

1857లో హైత్‌లో 500 గజముల దూరమున జరిగిన పరీక్షయందు ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున రెండడుగులకు మించి తొలగగా, విట్‌వర్తు గుండ్లు అరయడుగైనను తొలగలేదు. అయినను వెల హెచ్చనియు, గొట్టమున మసి పేరుకొనుననియు సైన్యమువారు దానిని గ్రహింపరైరి. ఆయన క్రుంగలేదు. సన్నని రంధ్రమే మేలను ఆయన నిర్ణయము తరువాతి సైనిక తుపాకులలో నిలిచెను.

1868లో యువ యంత్రకారులకై ఏటేట 100 పౌనుల చొప్పున 30 విద్యార్థి వేతనములు ఏర్పరచి, 1887లో ఆయన కాలధర్మము నొందెను. పనిలో దోషము చూపినవానిపై కినియక, ఆ దోషమునకు మూలము వెదకువాడే నిజమైన పనివాడు.