ఇమామ్ బుఖారీ: సొంత ఊరు వదిలారు, ఇల్మ్ గౌరవం వదల్లేదు

సహీహ్ బుఖారీ పేరు వినని ముస్లిం ఇల్లు దాదాపు ఉండదు. జుమా ఖుత్బాలో, మదరసా దర్సులో, ఇంట్లో పెద్దలు పిల్లలకు హదీసు చెప్పేటప్పుడు ఆ పేరు వస్తూనే ఉంటుంది. కానీ బుఖారా అనే ఆ ఊరు ఎక్కడుందో, ఆ ఊరికి ఇంత పేరు తెచ్చిన మనిషి జీవితం చివరి రోజుల్లో అదే ఊరి నుంచి ఎందుకు వెళ్లిపోవాల్సి వచ్చిందో చాలామందికి తెలియదు. ఆయన హదీసులు ఎలా సేకరించారో తెలుసుకోవడం ఎంత అవసరమో, ఇది తెలుసుకోవడం కూడా అంతే అవసరం.

బుఖారా నేటి ఉజ్బెకిస్తాన్‌లో ఉంది. జీహూన్ నది, అంటే ఇప్పటి ఆము దర్యా, దాటి ఉత్తరాన ఉన్న ఆ ప్రాంతాన్ని అరబ్బులు మావరా ఉన్ నహ్ర్ అనేవారు. నదికి అవతలి నేల అని దాని అర్థం. చైనా వైపు నుంచి ఇరాన్ వైపు వెళ్లే వ్యాపార బిడారాలు ఆ దారిలోనే నడిచేవి. ఇస్లాం రాకముందు అక్కడ అగ్నిని పూజించేవాళ్లు ఎక్కువ. ఇమామ్ బుఖారీ (రహ్మలై) పూర్వీకులు కూడా ఆ మతం వాళ్లే. ఆయన ముత్తాత తండ్రి బర్‌దిజ్‌బహ్ ఆ మతంలోనే చనిపోయారు. ఆ పేరుకు అక్కడి భాషలో రైతు అని అర్థం చెబుతారు. బర్‌దిజ్‌బహ్ కుమారుడు ముగీరా, బుఖారా పాలకుడు యమాన్ అల్ జూఫీ చేతుల మీదుగా ఇస్లాం స్వీకరించారు. అందుకే ఆ కుటుంబానికి జూఫీ అనే పేరు వచ్చింది. అరబ్బీ వాళ్ల పూర్వీకుల భాష కాదు. అయినా దైవప్రవక్త ముహమ్మద్ (స) మాటలను అందరికంటే జాగ్రత్తగా భద్రపరచిన మనిషి ఆ ఇంట్లోనే పుట్టారు.

తల్లి దుఆ

హిజ్రీ 194, షవ్వాల్ 13, శుక్రవారం జుమా నమాజు తర్వాత ఆయన జన్మించారు. క్రీస్తుశకం లెక్కలో అది 810వ సంవత్సరం. పేరు ముహమ్మద్, తండ్రి పేరు ఇస్మాయీల్. ఇస్మాయీల్ వ్యాపారం చేసేవారు, హదీసు కూడా తెలిసినవారు. మదీనాలో ఇమామ్ మాలిక్ దగ్గర హదీసులు విన్నారు. తన సంపాదనలో అనుమానం ఉన్న దిర్హం ఒక్కటీ లేదని తృప్తిగా చెప్పుకుని కన్నుమూశారు. అప్పటికి కొడుకు చిన్నపిల్లాడు.

ఆ తర్వాత పిల్లల్ని పెంచింది తల్లే. ఆమె పేరును చరిత్ర భద్రపరచలేదు కానీ, ఆమె చేసిన పనిని మరచిపోలేదు. చిన్నతనంలో ముహమ్మద్‌కు చూపు పోయింది. ఆ తల్లి రాత్రింబవళ్లు ఏడుస్తూ అల్లాహ్‌ను వేడుకున్నారు. ఒక రాత్రి ఆమెకు కలలో హజ్రత్ ఇబ్రాహీం (అలై) కనిపించి, ఆమె దుఆల వల్ల కొడుక్కి చూపు తిరిగి వచ్చిందని చెప్పినట్టు, తెల్లవారి చూస్తే పిల్లాడికి నిజంగానే చూపు వచ్చినట్టు ఆయన జీవితం రాసిన ఉలమా చెబుతారు. వెన్నెల వెలుగులో కూర్చుని పుస్తకం రాసింది ఆ కళ్లతోనే.

పదేళ్ల వయసులో హదీసులు కంఠస్థం చేయడం మొదలైంది. పదకొండో ఏట బుఖారాలో ఒక పెద్ద ఉస్తాద్ దర్సులో కూర్చుని ఉండగా, ఆయన ఒక హదీసు ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెబుతూ ఒక పేరు తప్పు చెప్పారు. వెనుక నుంచి కుర్రాడు లేచి, ఆ ఇద్దరి మధ్య అసలు రివాయత్ లేదని, ఆ పేరు ఇంకొకరిదని చెప్పాడు. ఉస్తాద్ కసిరారు. కుర్రాడు తగ్గలేదు, మీ దగ్గరున్న అసలు ప్రతి చూసుకోమన్నాడు. ఉస్తాద్ లోపలికి వెళ్లి చూసి వచ్చి, కలం తీసుకుని తన కాగితంలో తప్పు దిద్దుకున్నారు. ఆ కుర్రాడి జ్ఞాపకశక్తి ఎంత గొప్పదో, పిల్లాడి మాట విని తప్పు ఒప్పుకున్న ఆ ఉస్తాద్ మనసు కూడా అంత గొప్పది.

వెన్నెల్లో రాసిన పుస్తకం

పదహారో ఏట తల్లి, అన్న అహ్మద్‌లతో కలిసి హజ్‌కు వెళ్లారు. హజ్ అయ్యాక వాళ్లు ఇంటికి తిరిగి వచ్చారు. ఆయన మాత్రం చదువు కోసం మక్కాలోనే ఉండిపోయారు. ఆ తర్వాత మదీనా, బస్రా, కూఫా, బగ్దాద్, షామ్, ఈజిప్టు, మర్వ్, బల్ఖ్, నీషాపూర్... హదీసు తెలిసిన మనిషి ఎక్కడున్నాడంటే అక్కడికి వెళ్లారు. వెయ్యి మందికి పైగా ఉస్తాదుల దగ్గర రాసుకున్నారు. వాళ్లలో ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్, అలీ బిన్ మదీనీ, ఇస్‌హాఖ్ బిన్ రాహవైహ్ వంటి మహామహులు ఉన్నారు.

మదీనాలో, దైవప్రవక్త (స) సమాధి దగ్గర, వెన్నెల రాత్రుల్లో కూర్చుని ఆయన తన అత్తారీఖ్ అల్ కబీర్ రాశారు. అప్పటికి వయసు పద్దెనిమిది. అది రాజుల చరిత్ర కాదు, హదీసులు చెప్పిన మనుషుల చరిత్ర. 12 వేలకు పైగా మనుషుల పేర్లు అందులో ఉన్నాయి. ఎవరు ఎవరిని కలిశారు, ఎవరి దగ్గర విన్నారు అన్నది తేలకుండా హదీసు నిజమో కాదో తేలదు. ఒక మాట నలుగురు చేతులు మారి వస్తే, ఆ నలుగురూ నమ్మదగినవాళ్లేనా, ఒకరినొకరు నిజంగా కలుసుకున్నారా అని చూడాలి. ఆయన జీవితమంతా పెట్టుకున్న కొలత ఇదే.

ఒకసారి ఇస్‌హాఖ్ బిన్ రాహవైహ్ సభలో, నిక్కచ్చిగా నిర్ధారణ అయిన హదీసులను మాత్రమే ఒకచోట చేరిస్తే బాగుంటుందనే మాట వచ్చింది. అది విన్నవాళ్లు చాలామంది, మనసుకు పట్టించుకున్నది ఆయన. ఆ పనికి 16 ఏళ్లు పట్టింది. సుమారు 6 లక్షల రివాయత్‌లలోంచి ఎంచి తీసినవి, మళ్లీ మళ్లీ వచ్చినవాటితో కలిపి సుమారు 7,275. పునరావృతాలు తీసేస్తే దాదాపు 2,600. ఒక్కో హదీసు రాసే ముందు గుసుల్ చేసి, రెండు రకాతుల నమాజు చదివి, అప్పుడు రాసేవారు. రాత్రుళ్లు పడుకున్నాక కూడా ఏదో గుర్తుకు వచ్చి పదిహేను, ఇరవై సార్లు లేచి దీపం వెలిగించుకుని గుర్తు పెట్టుకునేవారని ఆయన వెంట ఉండే లేఖకుడు చెప్పారు.

బగ్దాద్‌లో జరిగిన పరీక్ష చాలా ప్రసిద్ధం. అక్కడి హదీసు పండితులు వంద హదీసులు తీసుకుని, ఒకదాని సనదును ఇంకొకదానికి తగిలించి, పదిమందికి పదేసి చొప్పున ఇచ్చి నిండు సభలో అడిగించారు. ప్రతిదానికీ ఆయన తెలియదనే చెప్పారు. పదిమందీ అడగడం అయిపోయాక మొదటివాడి వైపు తిరిగి, నువ్వు చెప్పింది ఇది, సరైనది ఇది అంటూ వందకు వందా వరుసగా సరిచేసి అప్పజెప్పారు.

మనసులో అనుకున్నా మాటే

ఇంత చదువున్నా, వ్యవహారంలో కూడా అదే నిజాయితీ. ఒక సాయంత్రం కొందరు వ్యాపారులు ఆయన సరుకు చూసి 5 వేల దిర్హంల లాభం ఇస్తామన్నారు. రేపు రమ్మన్నారు. తెల్లవారగానే వేరేవాళ్లు వచ్చి 10 వేలు ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. నిన్న వచ్చినవాళ్లకే ఇవ్వాలని మనసులో నియ్యత్ చేసుకున్నానని, దాన్ని మార్చుకోవడం ఇష్టం లేదని చెప్పేశారు. బయటకు ఎవరికీ మాట ఇవ్వలేదు, మనసులో అనుకున్నారు, అంతే. ఆయన సహీహ్‌లో మొట్టమొదటి హదీసు నియ్యత్ గురించినదే కావడం చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

ఆయనకు విలువిద్యలో మంచి గురి. ఒకరోజు బాణం వేస్తుంటే అది తప్పి ఒక వంతెన మేకుకు తగిలి, ఆ మేకు చీలింది. ఆయన బాణాలు పక్కన పెట్టేసి, వంతెన యజమానికి కబురు పంపారు. కొత్త మేకు వేసుకోనివ్వాలని, లేదంటే ఖరీదు తీసుకుని తనను క్షమించాలని వేడుకున్నారు. యజమాని సంతోషంగా మాఫ్ చేశాడు. ఆ ఆనందంలో ఆ రోజు ఆయన 300 దిర్హంలు సదఖా చేశారు.

రాజభవనమా, మస్జిదా?

హిజ్రీ 250 ప్రాంతంలో ఆయన నీషాపూర్ వచ్చారు. ఊరు ఊరంతా ఎదురొచ్చింది. ఆయన దర్సుకు జనం విరగబడ్డారు. అక్కడే పెద్ద ముహద్దిసు ముహమ్మద్ బిన్ యహ్యా జుహ్లీతో చిక్కు వచ్చింది. ఖుర్ఆన్ అల్లాహ్ వాక్కు, అది సృష్టించబడినది కాదు అన్నదాంట్లో ఇద్దరికీ భేదం లేదు. కానీ మనిషి నోటితో చదివే చర్య సంగతేమిటన్న ప్రశ్న దగ్గర మాట పెడర్థానికి పోయింది. మనుషుల చర్యలు సృష్టించబడినవేనని ఇమామ్ బుఖారీ చెప్పిన మాటను వేరే విధంగా ప్రచారం చేశారు. జుహ్లీ తన దర్సుకు వచ్చేవాళ్లను బుఖారీ దగ్గరకు వెళ్లొద్దన్నారు. ఆ సభలోంచి లేచి వెళ్లిపోయిన కొద్దిమందిలో ఒకరు ఇమామ్ ముస్లిం. జుహ్లీ దగ్గర రాసుకున్న కాగితాలన్నీ ఆయన ఇంటికే తిప్పి పంపించేశారు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. తనను ఊరు వదిలేలా చేసిన జుహ్లీ చెప్పిన హదీసులను ఇమామ్ బుఖారీ తన సహీహ్‌లోంచి తీసేయలేదు. పూర్తి పేరు రాయలేదు గానీ, రివాయత్‌లు అలాగే ఉంచారు. మనిషితో మనస్పర్థ వేరు, అతడు చెప్పిన హదీసు నిజం కావడం వేరు.

సొంత ఊరు బుఖారా చేరితే ఘనస్వాగతం. ఊరి బయట ఒక ఫర్సఖ్ దూరం నుంచే గుడారాలు వేశారు. ఆయన మీద నాణేలు, చక్కెర చల్లారు. ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. బుఖారా పాలకుడు ఖాలిద్ బిన్ అహ్మద్ కబురు పంపాడు, రాజభవనానికి వచ్చి తనకూ తన పిల్లలకూ జామి, తారీఖ్ గ్రంథాలు చదివి వినిపించమని. ఇమామ్ ఒప్పుకోలేదు. ఇల్మ్‌ను తాను అవమానించనని, పాలకుల గుమ్మాలకు మోసుకెళ్లనని, కావాలనుకుంటే మస్జిదుకో తన ఇంటికో రావచ్చని చెప్పి పంపారు. పోనీ, తన పిల్లల కోసం ఇతరులెవరూ రాని ప్రత్యేక దర్సు పెట్టమని ఖాలిద్ అడిగాడు. దానికీ ఒప్పుకోలేదు. కొందరికి వినిపించి మిగతావాళ్లను బయట నిలబెట్టడం ఆయన వల్ల కాలేదు.

ఒక్కసారి తల ఊపితే చాలు, చివరి రోజులు సొంత ఊళ్లో హాయిగా గడిచేవి. కానీ ఆయన దర్సులో పేదవాడి కొడుకూ పాలకుడి కొడుకూ ఒకే చాప మీద కూర్చోవాలి. ఇక పాలకుడు ఊళ్లో కొందరిని పోగుచేసి, ఆయన నమ్మకాల మీద నిందలు వేయించి, బుఖారా విడిచి వెళ్లమని ఆజ్ఞ ఇచ్చాడు.

ఖర్తంక్‌లో ఈద్

ఆయన మొదట బైకంద్ వెళ్లారు. తర్వాత సమర్‌ఖండ్ వాళ్లు రమ్మని పిలిచారు. దారిలో ఖర్తంక్ అనే పల్లెలో బంధువుల ఇంట్లో ఆగారు. ఇంతలో ఆయన రాక గురించి సమర్‌ఖండ్‌లోనూ రెండు పక్షాలయ్యాయని తెలిసింది. ఒక రాత్రి నమాజు తర్వాత, భూమి ఇంత విశాలమైనా తనకు ఇరుకైపోయిందని, తనను తన దగ్గరకు తీసుకోమని అల్లాహ్‌ను వేడుకున్నారు.

కొన్నాళ్లకు సమర్‌ఖండ్ నుంచి మళ్లీ పిలుపు వచ్చింది. తలపాగా చుట్టుకుని, బయలుదేరి, వాహనం వైపు ఇరవై అడుగులు వేశారో లేదో, నీరసంగా ఉంది, వదలండి అన్నారు. దుఆ చేసి పడుకున్నారు. అంతే, లేవలేదు. హిజ్రీ 256, రమజాన్ ముగిసి ఈద్ చంద్రుడు కనిపించిన రాత్రి అది. క్రీస్తుశకం 870. వయసు 62 ఏళ్లకు 13 రోజులు తక్కువ. మూడు తెల్లటి వస్త్రాల్లోనే కఫన్ చేయమని ముందే వసీయత్ చేశారు. ఈద్ రోజు జుహర్ నమాజు తర్వాత ఖననం జరిగింది. కొద్ది కాలానికే ఖాలిద్ పదవి పోయింది. అతడు బగ్దాద్ చెరసాలలో చనిపోయాడు.

పాలకుడు తన పిల్లలకే కావాలనుకున్న ఆ గ్రంథాలు లోకమంతటికీ చేరాయి. జీహూన్ ఒడ్డున ఫిరబ్ర్ ఊరి శిష్యుడు ముహమ్మద్ బిన్ యూసుఫ్ ఫిరబ్రీ సహీహ్‌ను తర్వాతి తరాలకు వినిపించారు. నేడు ఇళ్లలో, మదరసాల్లో ఉన్న ప్రతులు చాలావరకు ఆయన ద్వారా వచ్చినవే. ఇక వెన్నెల్లో రాసిన ఆ తారీఖ్‌ను 20వ శతాబ్దంలో అచ్చు వేసి అరబ్బు దేశాల పండితుల చేతుల్లో పెట్టింది హైదరాబాద్‌లోని దాయిరతుల్ మఆరిఫ్. యెమెన్ నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ అల్ ముఅల్లిమీ హైదరాబాద్‌లో ఉండి దాని పరిష్కరణలో శ్రమించారు. ఖర్తంక్‌లో ఇమామ్ సమాధి దగ్గర 1998లో పెద్ద స్మారక కట్టడం వెలిసింది. ఎక్కడెక్కడి నుంచో ముస్లింలు వచ్చి సలాం చెప్పి వెళుతుంటారు. సహీహ్ బుఖారీ తెరిచి పిల్లలకు ఒక హదీసు చదివి వినిపించే ఇల్లు ఏదైనా, ఆయన దర్సు ఇంకా నడుస్తున్న చోటే. ఆ చాప మీద అందరికీ చోటుంది.