మైమోను కుమారుడగు మోషే

యూదుల చరిత్రలో మన సంఘములకు సాధారణముగా తెలిసిన భాగము క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయము పాడైన దినముతో ఆగిపోవును. ఆ తరువాత వారు దేశదేశములకు చెదరిపోయిరని మాత్రము చెప్పుకొందుము. చెదరిన ఆ జనము ఏ రీతిగా బ్రదికెనో, ఎవరిచేత బాధింపబడెనో, ధర్మశాస్త్రమును విడువకుండ ఎట్లు నిలిచెనో మనలో అనేకులకు తెలియదు. అందుచేత ఈ నెల ఒక యూదుని జీవితమును ప్రియ చదువరుల యెదుట పెట్టుచున్నాము.

ఆయన పేరు మోషే, తండ్రి పేరు మైమోను. యూదులు ఆయనను రంబాము అని పిలుతురు. ఐరోపావారు మైమోనిడీసు అందురు. స్పెయిను దేశమందలి కొర్దోబా పట్టణములో 1138 ప్రాంతమున పుట్టెను. తండ్రి ఆ పట్టణపు యూదులకు న్యాయాధిపతి. చాలకాలముగా ఆ ప్రాంతమును మహమ్మదీయ ప్రభువులు ఏలుచుండిరి. వారి యేలుబడిలో యూదులు వైద్యమును, గణితమును, కవిత్వమును అభ్యసించి పేరు పొందిరి. అయితే 1148లో ఆఫ్రికానుండి వచ్చిన అల్మొహదులను క్రొత్త ప్రభువులు కొర్దోబాను పట్టుకొనిరి. యూదులైనను క్రైస్తవులైనను మతము మార్చుకొనవలెను, లేదా దేశము విడువవలెను, కానియెడల చావవలెను. మోషేకు అప్పటికి సుమారు పదియేండ్లు.

మైమోను కుటుంబము ఊరూరు తిరిగి, 1160 ప్రాంతమున మొరాకోలోని ఫెజ్ పట్టణము చేరెను. అదియు అల్మొహదుల రాజ్యమే. అక్కడ అనేకులు ప్రాణభయముచేత పెదవులతో మహమ్మదీయ మతమును ఒప్పుకొని, ఇంటిలో రహస్యముగా యూదుల ప్రార్థనలు చేసికొనుచుండిరి. అట్టివారు ఇక యూదులు కారనియు, వారి ప్రార్థన వ్యర్థమనియు ఒక పండితుడు తీర్పు వ్రాసి పంపెను. ఆ తీర్పు చదివినవారి గుండె పగిలియుండును. యౌవనుడైన మోషే దానికి ప్రత్యుత్తరము వ్రాసెను. విశ్వాసము కొరకు ప్రాణమిచ్చినవారి బహుమానము గొప్పదని ఆయన ఒప్పుకొనెను. అయినను భయపడి తప్పిపోయినవానిని త్రోసివేయరాదు. వాడు రహస్యముగా చేయు చిన్న మంచిపనియు దేవుని యెదుట లెక్కకు వచ్చును. వాడు సిగ్గుపడుచు సమాజమందిరమునకు వచ్చినయెడల చేర్చుకొనవలెను అని వ్రాసెను. అంతటితో విడువలేదు. నిర్బంధమున్న చోట నిలిచియుండక, ఇల్లు వాకిలి విడిచియైనను ధర్మశాస్త్రమును బాహాటముగా గైకొనగల దేశమునకు వెళ్లవలెనని గట్టిగా చెప్పెను. పడిపోయిన వారియెడల కనికరమును, పాపముయెడల ఖండితమును ఒక్క పత్రికలో ఇముడ్చుట సులభము కాదు. సంఘపెద్దలకు ఇది తెలిసినదే.

1165లో ఆయన కుటుంబము ఓడ యెక్కెను. దారిలో గొప్ప తుపాను పట్టుకొనెను. బ్రదికి బయటపడినందుకు ఆ దినమును ఏటేట ఉపవాసముతోను ధర్మకార్యములతోను ఆచరింప ఆయన నిశ్చయించుకొనెను. వారు దిగిన రేవు ఆక్రా, అనగా అపొస్తలుడైన పౌలు దిగిన తొలెమాయి. అక్కడనుండి యెరూషలేమునకును హెబ్రోనుకును పోయి ప్రార్థించి, పిమ్మట ఐగుప్తునకు వెళ్లి, కైరో ప్రక్కనున్న ఫుస్తాత్‌లో స్థిరపడెను. ఆ పూర్వపు మోషే జనమును ఐగుప్తునుండి వెలుపలికి తెచ్చెను. ఈ మోషేకు ఐగుప్తే ఆశ్రయమాయెను.

ఇచ్చట మనకు కష్టమైన సంగతి చెప్పవలసియున్నది. అప్పుడు యెరూషలేమును ఏలినవారు సిలువ గురుతు ధరించి యుద్ధమునకు వచ్చిన క్రైస్తవులు. వారు 1099లో ఆ పట్టణమును పట్టుకొన్నప్పుడు మహమ్మదీయులను, యూదులను విస్తారముగా చంపిరి. 1168లో వారి రాజైన అమాల్రిక్ సేన ఐగుప్తులోని బిల్బేసు పట్టణముమీద పడి, అనేకులను చంపి, అనేకులను చెరపట్టెను. చెరలో యూదులును ఉండిరి. పరదేశియై వచ్చి కొలది కాలమే అయిన మోషే, వారిని విడిపించుటకై ఊరూరి సమాజములకు ఉత్తరములు వ్రాసి, నమ్మకమైన మనుష్యులచేత పంపి, చందా కూర్చెను. ఆకలిగొన్నవారికి పెట్టుటకంటెను, వస్త్రహీనులకు కట్టించుటకంటెను చెరపట్టబడినవారిని విడిపించుట ముందు చేయవలసినదని ఆయన తరువాత తన గ్రంథములో వ్రాసెను. ఆ ధనము ఎవరి చేతులలోనికి పోవలసియుండెనో తలంచినప్పుడు మనము తల వంచుకొనవలసినదే. ఇది పాతకాలపు రోమను సంఘమువారి తప్పు మాత్రమేయని తప్పించుకొందమా? మనము గౌరవించు మార్టిన్ లూథరు సహితము 1543లో యూదుల సమాజమందిరములను కాల్చవలెనని పుస్తకము వ్రాసి అచ్చు వేయించెను. దీనిని దాచుట న్యాయము కాదు.

ఆయన తమ్ముడు దావీదు రత్నవర్తకుడు. మోషే చదువుకొనుచుండగా ఇల్లు నడిపినవాడు ఇతడే. ఆ దినములలో ఐగుప్తు యూదవర్తకులు ఎఱ్ఱసముద్రము మీదుగా మన దేశపు పడమటి తీరమునకు వచ్చి మిరియములు మొదలగు సరకులు కొనిపోవుచుండిరి. దావీదు ఎడారి దాటి ఐదాబు రేవు చేరి, అక్కడ నీలిమందు తప్ప కొనదగిన సరకు లేనందున ఇండియాకు ఓడ యెక్కుచున్నానని, భయపడవద్దని అన్నకు ఉత్తరము వ్రాసెను. ఆ ఓడ మునిగిపోయెను. దావీదుతోకూడ మోషే సొమ్మును, ఇతరుల సొమ్మును సముద్రము పాలాయెను. విధవరాలును ఒక చిన్న కుమార్తెయు మిగిలిరి. మోషే సుమారు సంవత్సరకాలము జ్వరముతోను దుఃఖముతోను మంచము పట్టెను. ఎనిమిదేండ్ల తరువాతను తమ్ముని చేవ్రాత కనబడినప్పుడెల్లను తన గుండె తలక్రిందులగునని ఒక స్నేహితునికి తెలియజేసెను. దావీదు వ్రాసిన ఆ ఉత్తరము ఫుస్తాత్ సమాజమందిరపు పాత కాగితముల గదిలో శతాబ్దముల తరబడి నిలిచి, ఇప్పుడు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో భద్రముగా ఉన్నది.

ఇక కుటుంబ పోషణకు ఆయన వైద్యవృత్తినే ఆధారము చేసికొనెను. ధర్మశాస్త్రమును బోధించి జీతము తీసికొనుట ఆయనకు ఇష్టము లేదు. క్రమముగా సలాదీను సుల్తాను మంత్రికిని, రాజకుటుంబమునకును వైద్యుడాయెను. ఆయన గ్రంథమును తర్జుమా చేయుచుండిన ఒక పండితుడు దక్షిణ ఫ్రాన్సునుండి చూడవత్తునని కబురంపగా, 1199లో తన దినచర్యను వ్రాసి తెలిపెను. సుల్తాను నగరు ఆయన యింటికి రెండు విశ్రాంతిదిన ప్రయాణముల దూరము. ప్రతి ఉదయము అక్కడికి పోవలెను. మధ్యాహ్నము దాటి ఆకలితో ఇల్లు చేరునప్పటికి గదులనిండ రోగులు: యూదులు, అన్యులు, గొప్పవారు, బీదవారు. వాహనము దిగి, చేతులు కడుగుకొని, కొంచెము ఓర్చుకొనుడని వారిని వేడుకొని ఏదో తినును. రోజంతటికి అదే భోజనము. చీకటి పడువరకు మందులు వ్రాయుచు, అలసటచేత వెల్లకిల పండుకొనియే మాటలాడును. విశ్రాంతిదినమున సమాజమంతయు వచ్చి వారమంతటి పనులకు ఆలోచన అడుగును.

ఈ బ్రతుకులోనే ఆయన గ్రంథములు పుట్టెను. ధర్మశాస్త్ర విధులన్నిటిని క్రమపరచి పదునాలుగు భాగముల గ్రంథము ముగించెను. దానములలో ఎనిమిది మెట్లు చెప్పుచు, బీదవానికి పనియో అప్పో ఇచ్చి, వాడు మరల చేయి చాపకుండ నిలువబెట్టుట అన్నిటికంటె పైమెట్టు అనెను. యూద విశ్వాసమును పదుమూడు సూత్రములుగా వ్రాసెను. మెస్సీయ ఇంకను రావలసియున్నాడనునది వాటిలో ఒకటి. ఇచ్చట మన విశ్వాసము వేరు. అయినను ఆ సూత్రమునుబట్టి ఏర్పడిన పాటను 1940 తరువాతి యేండ్లలో హిట్లరు మనుష్యులు చంపుటకు తీసికొనిపోవుచుండగా యూదులు పాడిరని బ్రదికి వచ్చినవారు చెప్పిరి. అరువది లక్షలమంది చంపబడిన కాలమది.

మాకు మిక్కిలి ప్రియమైనది మరియొక చిన్న ఉత్తరము. ఓబద్యా అనువాడు అన్యజనులనుండి వచ్చిన యూదమత ప్రవిష్టుడు. ప్రార్థనలో మా పితరుల దేవా అని తాను పలుకవచ్చునా, తన పితరులు వేరు కదా అని అతనికి సందేహము కలిగెను. పైగా అతని గురువు మరియొక వాదములో అతనిని బుద్ధిహీనుడని పిలిచి సిగ్గుపరచెను. తాతల కాలమున బాప్తిస్మము పొందిన మన పల్లెసంఘములవారికి ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మోషే ఏమి వ్రాసెను? అందరితోపాటు ఆ మాటలన్నియు పలుకుము, ఒక్కటియు మార్చవద్దు. ఏకదేవుని చేరినవారందరికి అబ్రాహాము తండ్రి. మేము అబ్రాహాము సంతానమని చెప్పుకొనినయెడల నీవు సృష్టికర్తకే చెందినవాడవు అను భావముతో ప్రత్యుత్తరమిచ్చెను. తలిదండ్రులను, జన్మభూమిని విడిచి, తృణీకరింపబడిన జనముతో చేరినవానిని అవమానించిన గురువు, అతడు శిష్యుడైనను, క్షమాపణ వేడుకొనవలెనని తీర్పు చెప్పెను. అంత పనిలో అలసిన మనుష్యుడు ఒక్కని కన్నీటి కొరకు ఇంత వ్రాసెను.

1204 డిసెంబరులో ఆయన ఫుస్తాత్‌లో మరణించెను. యూదులు ఆయన శరీరమును గలిలయకు కొనిపోయి తిబెరియలో పాతిపెట్టిరని పరంపరగా చెప్పుదురు. సరస్సు దరినున్న ఆ సమాధియొద్దకు యాత్రికులు నేటికిని వచ్చుచున్నారు.