సముద్రవీరుడు లైటాలర్

చార్లెస్ లైటాలర్ 1874వ సంవత్సరము మార్చి 30వ తేదీన ఇంగ్లండు దేశమునందలి చోర్లీ పట్టణమున జన్మించెను. పుట్టిన కొలదికాలమునకే తల్లి మరణించెను. పదుమూడవ యేటనే ఆతడు ఓడపనిలో చేరెను. 1889వ సంవత్సరమున ఆతడున్న ఓడ హిందూమహాసముద్రములోని ఒక నిర్జనద్వీపమునకు తగిలి బద్దలయ్యెను. అప్పుడు ఆ బాలుడు ప్రాణములతో బయటపడెను.

1912వ సంవత్సరమున లైటాలర్ టైటానిక్ అను మహానౌకలో రెండవ అధికారిగా ఉండెను. ఏప్రిల్ 14వ తేదీ రాత్రి ఆ నౌక మంచుకొండను ఢీకొనెను. అందు 2,200 మందికి పైగా ఉండిరి. పడవలలో 1,178 మందికే చోటు కలదు. స్త్రీలను, శిశువులను మాత్రమే పడవలలోనికి పంపవలెనని లైటాలర్ పట్టుపట్టెను. ప్రయాణికులలో పలువురు తొలుత ఓడను విడుచుటకు సంశయించిరి. అందుచే కొన్ని పడవలు నిండకయే సాగిపోయెను. సుమారు 1,500 మంది జలసమాధి యైరి. లైటాలర్ కడవరకు ఓడపైననే నిలిచి, పిమ్మట నీటబడి, తలక్రిందులైన ఒక పడవను ఆశ్రయించెను. దానిపై నిలిచినవారిని అలల వాలునుబట్టి ఇటునటు ఒరుగుడని హెచ్చరించుచు, తెల్లవారువరకు పడవను మునుగకుండ కాపాడెను.

మొదటి ప్రపంచయుద్ధమున ఆతడు నౌకాదళమునందు పనిచేసి శౌర్యపతకము లందెను. 1929వ సంవత్సరమున నౌకాదళమువారి పాతపడవ నొకదానిని కొని, మోటారు విహారనౌకగా మార్పించెను. దానికి సన్‌డౌనర్ అని పేరు. పొడవు 58 అడుగులు.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. ప్రజల సొంత మోటారు పడవలను నౌకాదళమువారు తీసికొని, కొన్నింటిని రేవులయందును తీరమునందును గస్తీకి నియోగించిరి. 30 మొదలు 100 అడుగుల వరకు పొడవుగల విహారపడవల వివరములు తెలుపవలెనని 1940 మే 14వ తేదీన యజమానులకు ఆజ్ఞ వెలువడెను. ఆ మాసాంతమున ఫ్రాన్సుదేశపు డంకర్క్ తీరమున మిత్రసైన్యములు శత్రువులచే చుట్టుముట్టబడెను. నౌకాదళమువారు సన్‌డౌనర్‌ను కోరిరి. తన పడవను ఇతరులు నడుపుటకు లైటాలర్ సమ్మతింపలేదు. అప్పటికి ఆతనికి 66 ఏండ్లు. పెద్దకుమారుడైన రోజర్‌ను, 18 ఏండ్ల స్కౌటు బాలుని వెంటబెట్టుకొని, జూన్ 1వ తేదీన తానే బయలుదేరెను.

దారిలో, అగ్నికాహుతి యగుచున్న వేరొక మోటారు పడవలోనివారిని ఎక్కించుకొనెను. శత్రువిమానములు పలుమారులు పైబడెను. వైమానికుడైన ఆతని మరియొక కుమారుడు యుద్ధారంభముననే మరణించియుండెను. విమానము గురిపెట్టు క్షణమువరకు వేచి, అంతట పడవను చటుక్కున మరల్చవలెనని ఆ కుమారుడు మునుపు తెలిపిన యుక్తి ఇప్పుడు తండ్రికి తోడ్పడెను.

మునుపెన్నడును 21 మందికి మించి ఎక్కని సన్‌డౌనర్‌లో ఆ దినమున సుమారు 130 మంది ఎక్కిరి. గదులలోను, నడవలలోను, పైతట్టుమీదను కాలుమోప చోటులేదు. ఆ పడవ అందరితోను రామ్స్‌గేట్ రేవును సురక్షితముగా చేరెను. జూన్ 4వ తేదీ నాటికి చిన్న, పెద్ద నౌకలన్నియు కలిసి 3,38,000 మందికి పైగా సైనికులను ఇంగ్లండునకు చేర్చెను.

1945వ సంవత్సరమున రోజర్ కూడ యుద్ధమునకు బలియయ్యెను. లైటాలర్ 1952 డిసెంబరు 8వ తేదీన కన్నుమూసెను. నిండని పడవలు చీకటిలోనికి సాగిపోవుట చూచిన ఆ నావికుడే, ఇరువది యెనిమిదేండ్లకు తన చిన్నపడవను అంచులవరకు మనుష్యులతో నింపి ఒడ్డు చేర్చెను.