మీ రెజ్యూమెలో దాగున్న ఆ రెండక్షరాలు

నగరిలో ఓ నెట్ సెంటర్. డిగ్రీ అయిపోయిన కుర్రాడొకడు చెన్నై కంపెనీకి దరఖాస్తు పెడుతున్నాడనుకుందాం. వర్డ్‌లో చేసిన రెజ్యూమె, మార్కుల జాబితాలు, ప్రాజెక్టు రిపోర్టు... అన్నీ ఒక ఫోల్డర్‌లో వేసి, జిప్ చేసి పంపేశాడు. అరనిమిషం పని. ఆ జిప్ ఫైలు లోపలి బైట్లను ఉన్నవి ఉన్నట్టు చూపించే ప్రోగ్రామ్‌తో తెరిస్తే మొట్టమొదట కనిపించేవి రెండు ఇంగ్లిష్ అక్షరాలు: పీ, కే. అంతేకాదు. డాక్స్ రెజ్యూమెను అలాగే తెరిచినా అవే. ఎక్సెల్ షీటులో అవే. ఫోన్‌లో వేసుకునే ఏపీకే ఫైలులో కూడా అవే!

అవి ఒక ప్రోగ్రామర్ పేరులోని పొడి అక్షరాలు. ఆయన ఫిల్ కాట్జ్. కమాండ్ లైన్ మీద నడిచే చిన్న ప్రోగ్రామ్‌తో ప్రపంచం మొత్తం ఫైళ్లు పంపుకొనే పద్ధతినే మార్చేశారు. 37 ఏళ్లకే ఒంటరిగా వెళ్లిపోయారు. ఉద్యోగాల వేటలో ఉన్నవారికి ఆయన జీవితంలో నేర్చుకోవాల్సినవీ ఉన్నాయి, జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి.

క్యాలిక్యులేటర్‌తో మొదలు

ఫిలిప్ వాల్టర్ కాట్జ్ 1962 నవంబరు 3న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీలో పుట్టారు. పెద్దగా ఎవరితోనూ కలవని పిల్లాడు. తండ్రితో చదరంగం ఆడటం, ప్రోగ్రామ్ చేయగలిగే క్యాలిక్యులేటర్ మీద ఇద్దరూ కలిసి చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం... ఇదే సరదా. ఆ బుల్లి యంత్రంలో మెమరీ చాలా తక్కువ. ఒక్క అడుగు వృథా అయినా ప్రోగ్రామ్ పట్టదు. పొదుపుగా రాయడం అలా చిన్నప్పుడే అలవాటైంది.

కాలేజీ రోజుల్లోనే తండ్రి చనిపోయారు. విస్కాన్సిన్-మిల్వాకీ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివి 1984లో బయటికొచ్చారు. అలెన్-బ్రాడ్లీ కంపెనీలో ప్రోగ్రామర్ ఉద్యోగం దొరికింది. ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే కంట్రోలర్లకు కోడ్ రాసే పని. పగలు ఉద్యోగం, రాత్రి ఇంట్లో సొంత ప్రోగ్రాములు. 1986లో అక్కడ మానేసి గ్రేసాఫ్ట్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో చేరారు.

వేగమే ఆయుధం

అప్పటికి ఇంటర్నెట్ సామాన్యుల చేతికి రాలేదు. మోడెమ్‌తో ఫోన్ లైను ద్వారా ఎవరో ఒకరి కంప్యూటర్‌కు కలిపి ఫైళ్లు దించుకొనేవారు. సెకనుకు 2,400 బిట్ల మోడెమ్ అయితే దాదాపు 240 అక్షరాలు వచ్చేవి. అంటే ఒక ఎంబీ ఫైలుకు గంట పైనే! అంతసేపూ ఫోన్ బిల్లు నడుస్తూనే ఉంటుంది. ఫైలు సగానికి తగ్గితే బిల్లూ సగమే. అందుకే కుదింపు ప్రోగ్రామ్‌కు అంత గిరాకీ.

ఆ రంగంలో అప్పటికి రాజ్యమేలుతున్నది ఆర్క్ అనే ప్రోగ్రామ్. థామ్ హెండర్సన్ నడిపే ఎస్‌ఈఏ అనే చిన్న సంస్థ దాన్ని తయారుచేసింది. సోర్స్ కోడ్ కూడా అందరికీ కనిపించేలా పెట్టింది. కాట్జ్ దాని మీద పడ్డారు. ముఖ్యమైన భాగాలను అసెంబ్లీ భాషలో రాసి, ఆర్క్ ఫైళ్లనే ఎంతో వేగంగా విప్పే, కట్టే ప్రోగ్రాములు తెచ్చారు. వాటి పేర్లు పీకేఎక్స్‌ఆర్క్, పీకేఆర్క్. జనం ఎగబడ్డారు. 1986లోనే పీకేవేర్ సంస్థ మొదలైంది. ఆఫీసంటే తల్లి హిల్డెగార్డ్ వంటింటి బల్ల. ముందు వాడి చూడండి, నచ్చితే డబ్బు పంపండి అనే షేర్‌వేర్ పద్ధతి. పోస్టులో చెక్కులు రాసాగాయి. కొన్నాళ్లకు ఆయన ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకే దిగారు.

కోర్టు మెట్లు

1988లో ఎస్‌ఈఏ కోర్టుకెక్కింది. మా కోడ్, మా పేరు వాడుకున్నాడన్నది ఆరోపణ. రెండు ప్రోగ్రాములనూ పక్కపక్కన పెట్టి చూసిన నిపుణుడికి ఆర్క్ కోడ్‌లోని కామెంట్లు, చివరికి స్పెల్లింగ్ తప్పులు కూడా కాట్జ్ దాంట్లో కనిపించాయి. అదే ఏడాది రాజీ కుదిరింది. కాట్జ్ డబ్బు కట్టాలి. ఆర్క్‌తో పనిచేసే ప్రోగ్రాములు ఆపేయాలి.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. వాడకందార్లు చాలామంది కాట్జ్ వైపే నిలబడ్డారు. పెద్ద కంపెనీ ఒక ఒంటరి కుర్రాణ్ని తొక్కేస్తోందనుకున్నారు. నిజానికి ఎస్‌ఈఏ కూడా చిన్న సంస్థే. కాట్జ్ తెలివి నిజం, వేగం నిజం. కాపీ కూడా నిజమే. గిట్‌హబ్ నుంచి ప్రాజెక్టు దించుకొని పేరు మార్చి రెజ్యూమెలో రాసుకొనేవారు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. సోర్స్ కనిపించినంత మాత్రాన సొంతమైపోదు. లైసెన్స్‌లో ఏముందో చదవాలి. ఎవరి కోడ్ వాడుకున్నారో చెప్పాలి.

జిప్ పుట్టింది

దారి మూసుకుపోయాక కాట్జ్ కొత్త దారి వేశారు. ఈసారి ఫైలు నమూనా కూడా తనదే. 1989లో జిప్ వచ్చింది. చురుగ్గా పరుగెత్తడం అనే అర్థం ఆ పేరులోనే ఉంది. ఆయన చేసిన అసలు తెలివైన పని ఇంకొకటుంది. జిప్ ఫైలు లోపల ఏది ఎక్కడ ఉంటుందో వివరంగా రాసి ఊరందరికీ ఇచ్చేశారు. ఆ నమూనా మీద ఎవరైనా ప్రోగ్రామ్ రాసుకోవచ్చు. ప్రోగ్రామ్ ఆయనది, నమూనా అందరిదీ.

పీకేజిప్‌కు బొమ్మలు, బటన్లు ఏమీ లేవు. నల్ల తెర మీద పీకేజిప్ అని కొట్టి, తయారవ్వాల్సిన ఫైలు పేరు, ఆ తర్వాత కుదించాల్సిన ఫైళ్ల పేర్లు రాసి ఎంటర్ నొక్కడమే. 1993 నాటి రెండో వెర్షన్‌తో డిఫ్లేట్ అనే కుదింపు పద్ధతి వచ్చింది. ఇవాళ్టికీ నడుస్తున్నది అదే.

మగ్గం మీద అర్థమయ్యే లెక్క

డిఫ్లేట్‌ను అర్థం చేసుకోవడానికి నగరి మరమగ్గాల షెడ్డు చాలు. చీర అంచుకు రంగులు చెప్పాలంటే ప్రతి పోగునూ పేరుపేరునా ఎవరూ చెప్పరు. ఎరుపు 40, పసుపు 10, మళ్లీ ఎరుపు 40 అని ఒకసారి చెప్పి, ఇదే వరసను ఇంకో పాతికసార్లు వేయమంటారు. బట్టలో ఒక్క పోగు తేడా రాదు. చెప్పిన మాటలు మాత్రం తగ్గాయి.

డిఫ్లేట్‌లో మొదటి అంచె ఇదే. ఇజ్రాయెల్‌కు చెందిన యాకోబ్ జీవ్, అబ్రహాం లెంపెల్ 1977లో ప్రకటించిన ఆలోచన. ఒకసారి వచ్చిన అక్షరాల వరస మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయరు. ఇన్ని బైట్లు వెనక్కెళ్లి అన్ని బైట్లు తెచ్చుకో అని గుర్తు పెడతారు. డిఫ్లేట్ 32 కేబీ దాకా వెనక్కి చూస్తుంది. ఒక్కసారికి 3 నుంచి 258 బైట్ల దాకా తెచ్చుకుంటుంది.

రెండో అంచె డేవిడ్ హఫ్‌మన్‌ది. తరచూ వచ్చేవాటికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేవాటికి పొడుగు గుర్తు. 1951లో ఎంఐటీలో విద్యార్థిగా ఉన్నప్పుడు, పరీక్ష తప్పించుకోవడానికి టర్మ్ పేపర్ ఎంచుకొని ఆయన కనిపెట్టిన పద్ధతి అది. 1952లో అచ్చయింది.

విప్పాక ఒక్క బిట్ కూడా పోదు కాబట్టి దీన్ని నష్టం లేని కుదింపు అంటారు. జేపీజీ ఫొటో అలా కాదు. 1974లో నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె.ఆర్. రావు ప్రచురించిన కొసైన్ పద్ధతి ఆధారంగా, కన్ను పట్టుకోలేని వివరాలను అది వదిలేస్తుంది. ఫొటోలో అది చెల్లుతుంది. బ్యాంకు లెక్కల్లో, ప్రోగ్రామ్ ఫైలులో ఒక్క బిట్ మారినా కొంప మునుగుతుంది.

ఫైలు నిలిచింది, మనిషి నిలవలేదు

నమూనా బయటపెట్టడం వల్ల జిప్ పాకిపోయింది. జాన్-లూ గయీ, మార్క్ ఆడ్లర్ డిఫ్లేట్‌ను వాడి జీజిప్, ఆ తర్వాత జెడ్‌లిబ్ రాశారు. 1996లో డిఫ్లేట్ ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లోకి ఎక్కింది. పీఎన్‌జీ బొమ్మలో, పీడీఎఫ్ లోపల, జావా జార్ ఫైలులో, గిట్‌లో, బ్రౌజర్‌కు వచ్చే వెబ్ పేజీల్లో ఎక్కడ చూసినా అదే.

ఆ మనిషి మాత్రం లోలోపల కూలిపోతూ వచ్చారు. కంపెనీ పెరిగింది, డబ్బొచ్చింది. కానీ మద్యం పట్టుకుంది. ఆఫీసుకు రావడం తగ్గింది. వంటింటి బల్ల మీద సంస్థను నిలబెట్టిన తల్లితోనూ దూరం పెరిగింది. సొంతిల్లు ఉండి కూడా హోటల్ గదుల్లో బతికారు. 2000 ఏప్రిల్ 14న మిల్వాకీలోని ఓ హోటల్ గదిలో చనిపోయి కనిపించారు. పక్కన ఖాళీ మద్యం సీసాలు. ఏళ్ల తరబడి తాగుడు వల్ల క్లోమంలో రక్తస్రావమై ప్రాణం పోయిందని తేలింది.

ప్రతిభ ఉంటే చాలు, అన్నీ అవే సర్దుకుంటాయి అనుకొనేవారికి ఈ ముగింపు హెచ్చరిక. ఉద్యోగం రాని నెలల్లోనైనా, వచ్చాక ఒత్తిడి పెరిగిన రోజుల్లోనైనా, మనసు బాగోలేకపోతే ఇంట్లోవాళ్లతోనో, స్నేహితులతోనో, డాక్టర్‌తోనో నోరు విప్పండి. అది చిన్నతనం కాదు.

ఈ వారాంతంలో చేసి చూడండి

- లైనక్స్ టెర్మినల్‌లో ఒక పెద్ద టెక్స్ట్ ఫైలును జీజిప్‌తో కుదించండి. మైనస్ గుర్తు పక్కన 1 పెడితే వేగం, 9 పెడితే చిన్న ఫైలు. ఏమీ పెట్టకపోతే 6. మూడింటికీ పట్టిన సమయం, ఫైలు సైజు పట్టికగా రాయండి.

- జీజిప్ మామూలుగా అసలు ఫైలును తీసేసి కుదించినదాన్నే ఉంచుతుంది. అసలుది కూడా ఉండాలంటే మైనస్ కే చేర్చండి. ఇది తెలియక ఫైలు పోయిందని కంగారుపడేవాళ్లు చాలామంది.

- అదే ఫైలును జెడ్‌స్టాండర్డ్‌తోనూ కుదించండి. యాన్ కొలే ఫేస్‌బుక్‌లో ఉండగా 2016లో మొదటి వెర్షన్ విడుదలైంది. వేగంలో తేడా మీకే తెలుస్తుంది.

- విప్పిన ఫైలు, అసలు ఫైలు ఒకటేనా? రెండింటి చెక్‌సమ్ పోల్చి చూడండి.

- ఇంటర్వ్యూలో అడిగితే చెప్పగలరా? జేపీజీని జిప్ చేస్తే ఎందుకు పెద్దగా తగ్గదు? జిప్‌ను మళ్లీ జిప్ చేస్తే ఏమవుతుంది? రెండింటికీ జవాబు ఒకటే. ఒకసారి కుదించాక మళ్లీ మళ్లీ వచ్చే వరసలు దాదాపు మిగలవు. తగ్గించడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఆ పట్టిక, మీరు రాసుకున్న నాలుగు ముక్కల వివరణ గిట్‌హబ్‌లో మీ పేరుతో పెట్టండి. సొంతంగా చేసిన చిన్న పని, ఎవరిదో తెచ్చుకున్న పెద్ద ప్రాజెక్టు కన్నా ఇంటర్వ్యూ గదిలో గట్టిగా నిలబడుతుంది.