పొలం విడిచిన కేరీ గారు

కామారెడ్డి, ఎల్లారెడ్డి సంఘాలలో దుబాయి పనిలో నడుము దెబ్బతిని తిరిగొచ్చిన సహోదరులున్నారు. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్లు మొద్దుబారిన అక్కలున్నారు. ఇక ఏ పని చేయాలన్నదే వారి దిగులు. వారిని తలచినప్పుడు మాకు విలియం కేరీ గారు గుర్తుకొస్తారు.

ఆయన 1761లో ఇంగ్లండు పల్లెలో, నేతపనివారి ఇంట పుట్టారు. మొక్కలంటే ప్రాణం. చిన్నతనంలోనే పొలం పనికి వెళ్లారు. ఎండ తగిలితే చర్మం మండిపోయేది, రాత్రి నిద్ర ఉండేది కాదు. సుమారు రెండేళ్లు ఓర్చుకున్నారు. చివరికి తండ్రి నీడపట్టు పని చూసి, బూట్లు కుట్టే యజమాని దగ్గర చేర్చారు.

అది దేవుని ప్రణాళిక అని ఇప్పుడు సులువుగా అంటాం. ఆ పిల్లవానికి అప్పుడు తెలిసింది మంట మాత్రమే. దెబ్బతిన్నవారితో ఆ మాట తొందరపడి అనకూడదని మా మనవి.

బూట్ల పని ఆయన్ను ధనవంతుణ్ణి చేయలేదు. పెళ్లయ్యాకా ఇల్లు గడవడం కష్టమే. బడి కూడా నడిపారు. అయితే ఆ పీట మీదే గ్రీకు అక్షరాలు మొదలయ్యాయి. 1793లో బెంగాలు చేరారు. 1818లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుంచి తెలుగు క్రొత్త నిబంధన వెలువడింది.

మొక్కల్ని మాత్రం ఆయన వదల్లేదు. శ్రీరాంపూర్‌లో పెద్ద తోట పెంచారు. 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘాన్ని స్థాపించారు.