ఎవరెస్టు దొర

హిమాలయములలోని మిక్కిలి ఎత్తయిన శిఖరమునకు పేరైన జార్జి ఎవరెస్టు ఆ కొండ నెన్నడును ఎక్కలేదు. ఆయనకు ప్రాణసంకటము కలిగినది మన అడవులలోనే.

1790లో జన్మించిన ఎవరెస్టు, 1818లో లాంబ్టన్ దొరకు సహాయకుడై దేశమును త్రికోణములుగా కొలుచు పనిలో చేరెను. మరుసటి యేడు కృష్ణా గోదావరుల నడిమి భూమికి పోయెను. అశ్వారావుపేట అడవులును ఆ నడిమివే. ఎండకాలమున దూరపు కొండలు మసకబారును. వాన వెలిసినచో తేటగా కానవచ్చును. కావున వానకాలమునే పని సాగించిరి. ఆ కాలమే మన్యమున ప్రాణాంతకము. ఎల్లాపురపు అడవిలో జ్వరము సోకి పరివారములో పెక్కురు మంచమెక్కిరి, కొందరు మరణించిరి. ఎవరెస్టు 1820లో ఆరోగ్యమునకై దక్షిణాఫ్రికాకు పోవలసివచ్చెను.

తిరిగివచ్చిన పిమ్మట, పొడికాలమున రాత్రివేళ దీపములు వెలిగించి, ఆ వెలుగును గురిచూచి కొలుచు పద్ధతిని నెలకొల్పెను. 1843లో పని విరమించెను. 1865లో శిఖరమునకు తన పేరు పెట్టినపుడు, ఈ దేశీయుల నోట అది పలుకదని ఆయన అభ్యంతరము చెప్పియుండెను. చిత్రమేమనగా, ఆయన ఇంటిపేరును ఈవ్‌రెస్టు అని పలుకవలెను! 1866లో ఆయన మరణించెను.

ఆ కొండకును కాల మెరిగియే పోవలెను. శీతకాలమున పెనుగాలులు, వానకాలమున ఎడతెగని మంచు. నడుమ మే మాసమున కొలదిదినములే తెరపి. అట్టి తెరపిలోనే 2014 మే 25న నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణయు, ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనందకుమారును శిఖరము చేరిరి.